మూడో కుర్చీ పాచి

ఆ కాగితంలో ఉన్నవి ఆరు పంక్తులే. అయినా చదవడానికి పాచక్కకు పావుగంట పట్టింది. చదువు రాక కాదు. ప్రతి పంక్తి చివరా ఆగి "ఆహా!" అనుకోవలసి వచ్చింది.

"పనిముట్లను సరిగా కడగనందువల్ల ముగ్గురు రోగులకు చికిత్స తరువాత దవడ వాచి చీము పట్టినది. ఇది పూర్తిగా నా నిర్లక్ష్యమేనని అంగీకరించుచున్నాను." ఇవీ అందులోని ముఖ్యమైన మాటలు. కింద సంతకానికి చుక్కల గీత, గీత కింద ఆమె పేరు. అందులోనూ ఒక అక్షరం తప్పు.

కాగితం తెచ్చిన గుమాస్తా నిలబడడానికి పొడిచోటు కోసం వెతుక్కుంటూ, "శుక్రవారం నాలుగింటిలోపు సంతకం పెట్టి ఇమ్మన్నారక్కా. పెడితే మందలింపుతో పోతుంది" అన్నాడు.

"పెట్టకపోతే?"

"నీ చోట్లోకి ఇంకొకరొస్తారు."

"సరే, పెట్టాననుకో. రేపు నాలుగో దవడ వాస్తే అప్పుడెవరొస్తారు?"

గుమాస్తా కాగితం ఆమె చేతిలోనే వదిలేసి, తడి నేల మీద మునివేళ్ళతో నడుచుకుంటూ జారుకున్నాడు.

అది పళ్ళాసుపత్రి. పాచక్క ఇరవై రెండేళ్ళుగా అక్కడ పనిముట్లు కడిగే గదిలో ఉంటోంది. ఆ గదిలో మూడు తొట్లు. మొదటిదాంట్లో నానబెట్టడం, రెండోదాంట్లో తోమడం, మూడోదాంట్లో జాడించడం. తొట్ల పైన కట్టిన తాడుకు బ్రష్షులు వరుసగా వేలాడుతుంటాయి. అరచేతంత వెడల్పు బ్రష్షు మొదలు అగ్గిపుల్లకన్నా సన్నగా ఉండే గొట్టాల బ్రష్షు దాకా అన్నీ ఎత్తు ప్రకారం, బడిపిల్లలు నిలబడ్డట్టు. మూల ఆవిరి పెట్టె. తోమినవన్నీ చివరికి అందులోకే వెళతాయి. ఒక్కో పళ్ళేనికీ అది ఏ కుర్చీ నుంచి వచ్చిందో చెప్పే రేకు బిళ్ళ. ఆసుపత్రిలో కుర్చీలు ఆరు.

పాచక్క అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. చేరిన మొదటిరోజున, ఇంతకుముందు ఏం చేసేదానివని అడిగితే, "నాలుగిళ్ళలో పాచిపని చేసేదాన్నండీ" అంది. ఊడవడం, అంట్లు తోమడం అని ఆమె ఉద్దేశం. పక్కనే ఉన్న పళ్ళ డాక్టరు విద్యార్థులు ఫక్కున నవ్వారు. "మేమూ అదే పనండీ, కాకపోతే పళ్ళ మీది పాచి!" అన్నాడొకడు. ఆ నవ్వు ఆ పూటతో పోయింది గాని పేరు మాత్రం అతుక్కుపోయింది. అన్నేళ్ళయినా ఆమెకు ఆ పేరంటే మంట. "పేరన్నాక పిలిస్తే పలకాలనిపించాలి గాని, పిలిస్తే పోయి మొహం కడుక్కోవాలనిపిస్తే ఎట్లా?" అనేది.

ఆమె లోకంలో ఒకే ఒక్క పట్టింపు ఉంది. కడగడం వేరు, తోమడం వేరు. నీళ్ళు పోసి తిప్పి పారబోయడం కడగడం. దాన్ని ఎవరైనా చేస్తారు, వానైనా చేస్తుంది. చెయ్యి పెట్టి, బ్రష్షు పెట్టి, సందుల్లోకి దూరి రాపాడించడం తోమడం. ఆమె తోముతుంది. రోజువారీ పుస్తకంలో మాత్రం "కడిగినది" అనే పేరుతోనే గడి ఉండేది. ఇరవై రెండేళ్ళూ ఆ గడిలో సంతకం పెడుతూనే లోపల్లోపల సణుక్కుంటూనే ఉంది. అలాంటి మనిషికి "సరిగా కడగనందువల్ల" అన్న కాగితం వచ్చింది!

అయితే కాగితంకన్నా ముందు వచ్చిన మాట ఒకటుంది. అది ఇంకా గట్టిగా గుచ్చుకుంది.

సోమవారం పొద్దున్నే నలుగురి కమిటీ ఆమెను పిలిపించింది. పెద్ద డాక్టరు, స్టోరు అధికారి, పెద్ద నర్సు, రాసుకోవడానికి గుమాస్తా. పెద్ద డాక్టరు చెడ్డవాడేమీ కాదు. ఒక్కడే ఎదురుపడితే "ఏమ్మా, మోకాలు ఎట్లా ఉంది?" అని అడుగుతాడు. తన టీ గ్లాసు తనే కడుక్కుంటాడు. కడుక్కుంటాడంతే, తోముకోడు. ఆరోజు నలుగురి మధ్య కూర్చునేసరికి ఆయన గొంతు మారిపోయింది.

"ఏమే! నీ నిర్వాకం వల్ల ఆసుపత్రి పరువు పోయింది. నీళ్ళు పరీక్ష చేయించాం. శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు వచ్చింది. మందులు కొత్తవి. ఇక మిగిలింది పనిముట్లు. పనిముట్లంటే నువ్వు."

"ఏమే!" పెళ్ళిచూపుల నాడు కూడా అత్తగారు ఆమెను "ఏమ్మా" అనే పిలిచింది. పాచక్క నోరు తెరవాలనుకుంది. కాని అదే క్షణంలో తన ఆప్రాను అంచు నుంచి చుక్కా చుక్కా కారి తివాచీ మీద మడుగు కట్టడం పెద్ద నర్సు కళ్ళప్పగించి చూస్తోంది. ఆ మడుగును పాదంతో కప్పడానికి ప్రయత్నిస్తూ నిలబడేసరికి కమిటీ ముగిసిపోయింది. వాళ్ళాడిన నాలుగు మాటలకూ ఆమె ఇచ్చిన జవాబల్లా కాలు జరపడమే. బయటికొచ్చాక నలభై జవాబులు తోచాయి. ఒకదాన్ని మించి ఒకటి. ఎవరికి కావాలి?

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలకు గట్టి దెబ్బలే తగిలాయి. బస్సు నడిపి వచ్చిన మొగుడు గుమ్మంలోనే సంగతి పసిగట్టి, "ఇవాళ ట్రాఫిక్కు ఇక్కడే ఎక్కువగా ఉంది" అని గొణుక్కుని వీధి అరుగు మీదికి తప్పుకున్నాడు.

కట్టుడుపళ్ళు తీసేసి కూర్చున్న అత్తగారికి మాత్రం అలాంటి భయాలు లేవు. "ఏమే కోడలా, నా పళ్ళగిన్నె చేతిలో నిలవటం లేదే. జారిపోతోంది."

"రోజూ కడుగుతున్నావా అత్తా?"

"కడక్కేం! రోజూ నీళ్ళు పోస్తున్నా, తిప్పుతున్నా, పారబోస్తున్నా."

పాచక్క గిన్నె అందుకుని లోపల వేలు పెట్టింది. కంటికేమీ కనబడలేదు. వేలు మాత్రం సర్రున జారింది. గోరుతో గీకితే పాల మీగడకన్నా పలచటి పొర ఒకటి లేచి వచ్చింది.

"ఇది కడగడం కాదత్తా, నీళ్ళకి గిన్నెను చూపించడం. చూడు, ఎంత పాచి పట్టిందో!"

"నన్నంటావేం? నీ ఆసుపత్రిలో మాత్రం అన్నీ తోముతారా ఏమిటి?"

"నా చేతికొచ్చినవన్నీ తోముతా" అంటూనే పాచక్క వేలు గిన్నెలోనే ఆగిపోయింది.

చేతికి రానిది ఒకటుంది. ప్రతి కుర్చీకీ వెనకనుంచి ఒక సన్నటి గొట్టం వస్తుంది. పన్ను తొలిచేటప్పుడు నోట్లోకి నీళ్ళు చిమ్మేది అదే. దాన్ని ఎవరూ విప్పరు. వారానికోసారి అందులోంచి మందునీళ్ళు పంపుతారు. అంటే, పోస్తారు, తిప్పుతారు, పారబోస్తారు.

ఆ వెంటనే ఇంకొకటి తట్టింది. దవడలు వాచిన ముగ్గురి పళ్ళేలకూ మూడో నంబరు బిళ్ళే. అన్ని కుర్చీల పనిముట్లూ ఒకే తొట్లో, ఒకే బ్రష్షుతో, ఒకే ఆవిరిలో పడతాయి కదా. తన చేతిలోనే లోపముంటే ఆరు కుర్చీల్లోనూ దవడలు వాయాలి. మూడో కుర్చీకే ఎందుకు ఆ భాగ్యం? ఆరింటిలోనూ పాత గొట్టం దానిదే.

"ఏమే, నా గిన్నె ఇస్తావా, చూస్తూ కూచుంటావా?" అంది అత్తగారు.

మర్నాడు పొద్దున్నే పాచక్క మేడ మీదికి వెళ్ళింది. అక్కడ పురుగుల మేడమ్ ఉంటుంది. రోగాలు తెచ్చే సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసే సన్నటి అమ్మాయి. గాజుపళ్ళేలతో మాట్లాడుతూ ఉంటుంది కాబట్టి కింది అంతస్తువాళ్ళు ఆమెకు కాస్త దూరంగానే మసలుతారు. సంగతంతా విని, కళ్ళద్దాలు పైకి తోసుకుని, "నీళ్ళ పరీక్షకు సీసా ఎవరు పట్టారక్కా?" అని అడిగింది.

"స్టోరు ఆయన. నేను పక్కనే ఉన్నాను. ముందు అయిదు నిమిషాలు ధారగా వదిలేశాడు. నీళ్ళు తేటగా రావాలిగా అని."

మేడమ్ తల పట్టుకుంది. "కొట్టుకొచ్చేవన్నీ ముందే కొట్టుకుపోయాక పట్టాడన్నమాట. ఆ గొట్టం నాకు జానెడు ముక్క కావాలి. కాని అక్కా, నా పేరు మాత్రం బయటికి రానివ్వకు. నా ఉద్యోగం ఏటేటా పొడిగించాల్సింది పెద్ద డాక్టరే."

మధ్యాహ్నం రోగులు పోయాక పాచక్క మూడో కుర్చీ వెనక మోకాళ్ళ మీద కూర్చుని గొట్టం బిగింపు వదులు చేసింది. నీళ్ళ కుళాయి కట్టెయ్యాలన్న సంగతి ఆ తరువాత గుర్తొచ్చింది. ఎగజిమ్మిన ధార వంకీకి తగిలించి ఉన్న పెద్ద డాక్టరు తెల్లకోటును నిలువునా తడిపింది. ఆమె కుళాయి కట్టేసి, ముక్క కోసి, మిగిలిన గొట్టాన్ని అతికించి, కోటును పిండి వరండా కిటికీకి ఆరేసింది. దారిన పోయే ప్రతివాళ్ళూ ఆ కోటును చూసి, పెద్దాయన కాలువలో పడ్డాడా అని అడిగిపోయారు.

గొట్టం ముక్కను తన గదికి తెచ్చి రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. లోపల జారుడు. ఛీ అనిపించింది. ఛీ అనిపించిన వెంటనే ఇరవై రెండేళ్ళుగా ఆ చేతులు ఏం చేస్తాయో అదే చేశాయి. తాడు మీంచి సన్నబ్రష్షు దిగింది. సబ్బు, వేణ్ణీళ్ళు, ముందునుంచి ఇరవై, వెనకనుంచి ఇరవై. గొట్టం లోపల వెలుగు కనబడేదాకా తోమి, తుడిచి, శుభ్రమైన గుడ్డలో చుట్టి, గర్వంగా మేడ మీదికి తీసుకెళ్ళింది.

మేడమ్ దాన్ని దీపానికెత్తి చూసింది. మళ్ళీ చూసింది. "ఇది... తోమావా అక్కా?"

"మరి? మురికిగొట్టం మీ చేతికెట్లా ఇస్తా?"

"నాకు కావాల్సింది ఆ మురికే కదా!"

పాచక్కకు ముందు సిగ్గేసింది. ఆ వెనకే కోపం వచ్చింది. తోమలేదని కింద కాగితం, తోమావని పైన తిట్టు! మేడమ్ నవ్వాపుకుని, "ఉండుండు, దీన్ని పారెయ్యొద్దు. ఇంకో ముక్క తీసుకురా. మందునీళ్ళు పోసిన గొట్టం ఎలా ఉంటుందో, నువ్వు తోమిన గొట్టం ఎలా ఉంటుందో పక్కపక్కన పెట్టి చూద్దాం" అంది.

రెండో ముక్కను పాచక్క చేతులు వెనక్కి కట్టుకున్నంత పనిచేసి తెచ్చింది. మేడమ్ దాన్ని పొడుగునా కోసి చూపించింది. లోగోడ పొడుగునా బూడిదరంగు జిగురు.

"పుస్తకాల్లో దీనికి పెద్ద పేరుంది" అని మేడమ్ మొదలుపెట్టబోయింది.

"పాచి కదా" అంది పాచక్క.

మేడమ్ తలూపింది. "అవును. పాచే. పళ్ళ మీదిదీ ఇదీ ఒక జాతిదే. పురుగులు కలిసి కట్టుకున్న ఇల్లు. చూడక్కా, ఒక్కో పురుగులో అయిదారువేల జన్యువులుంటాయి. అన్నీ ఒకేసారి పలకవు. నీళ్ళలో ఒంటరిగా ఈదేటప్పుడు తోకను తయారుచేసేవి పలుకుతాయి. గోడకు అతుక్కుందా, తోకవి మూగపోతాయి, జిగురువి నోరు విప్పుతాయి. ప్రతి పురుగూ ఏదో ఒక రసం వదులుతూ ఉంటుంది. చుట్టూ ఆ రసం చిక్కబడిందంటే తనవాళ్ళు బాగా చేరినట్టు లెక్క. ఇక అప్పుడు మనకు చేటు చేసే విషాల జన్యువులు కూడా మొదలవుతాయి. ఒక్కటే ఉన్నప్పుడు నోరెత్తదు."

"మరి మందునీళ్ళు?"

"ఈదేవాటిని చంపుతాయి. జిగురు కిందవాటి దాకా సరిగ్గా చేరవు. వారం తిరిగేలోపు మళ్ళీ మామూలే."

"అంటే పురుగు మారలేదు."

"లేదు. అదే పురుగు, అవే జన్యువులు. ఎక్కడుంది, ఎంతమందిలో ఉంది అన్నదాన్నిబట్టి ఏవి పలుకుతాయో మారుతుంది. నేను రోజూ కొలిచేది అదే."

"ఇట్లాంటివాళ్ళు నాకు తెలుసు మేడమ్" అంది పాచక్క.

శుక్రవారం నాలుగింటికి కమిటీ మళ్ళీ కూర్చుంది. ఈసారి పాచక్క ఆప్రాను విప్పి, పొడిచీర కట్టుకుని వెళ్ళింది. తివాచీ మీద చుక్క పడలేదు.

"సంతకం పెట్టావా?" అన్నాడు పెద్ద డాక్టరు.

"లేదు సారూ. ముందు ఇది ముట్టుకు చూడండి." చీల్చిన గొట్టాన్ని గాజుపళ్ళెంలో పెట్టి బల్ల మీద ముందుకు తోసింది.

"ఏమిటే ఇది?"

"పాచి. మూడో కుర్చీది. మీరు రోజూ రోగులకు చెబుతారే, పుక్కిలిస్తే పోదు, తోమాలి అని. అదే పాచి. మీరు పుక్కిలించి ఊరుకున్న గొట్టంలోది."

స్టోరు అధికారి లేచాడు. "నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని రిపోర్టుంది కదా!"

"అయిదు నిమిషాలు వదిలేసి పట్టిన నీళ్ళు సార్ అవి. పొద్దున్నే మొదటి రోగి నోట్లోకి పోయే నీళ్ళు పట్టారా?"

"నీకేం తెలుసు ఇవన్నీ? ఎవరు చెప్పారు?"

పాచక్క పెదవి కదపలేదు. మాట ఇచ్చింది మరి. అప్పుడు తలుపు తెరుచుకుంది. పురుగుల మేడమ్ కాగితాలు గుండెకు హత్తుకుని, తన ఉద్యోగాన్ని గుమ్మం బయట వదిలి వచ్చినదానిలా లోపలికొచ్చింది.

"నేనే చెప్పాను సార్. మందు పోసిన ముక్కలో పురుగులు కుప్పలు. రోగుల చీములో దొరికిన పురుగే. జిగురు జన్యువులు ఈదే పురుగుల్లోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా పలుకుతున్నాయి. ఆమె తోమిన ముక్కలో వెతగ్గా వెతగ్గా రెండో మూడో. ఈ ఆసుపత్రిలో సరిగ్గా శుభ్రమైనవంటూ ఉంటే ఆమె చేతిలోంచి వచ్చినవే."

పెద్ద నర్సు కాగితాలు తీసుకుని చదవసాగింది. స్టోరు అధికారి కిటికీలోంచి బయటికి చూశాడు. పెద్ద డాక్టరు మొహం ఎర్రబడింది. "అయినా అడక్కుండా గొట్టం కోయడం..." అని మొదలుపెట్టాడు.

పాచక్కలో నాలుగురోజులుగా నానుతున్నది పొంగింది.

"కోశాను సారూ. మీ కోటు తడిసింది, దానికి తప్పొప్పుకుంటాను, ఎక్కడ కావాలంటే అక్కడ సంతకం పెడతాను. ముగ్గురు మనుషులు నొప్పికి తట్టుకోలేక మళ్ళీ మన గుమ్మం ఎక్కితే, గొట్టం విప్పి చూద్దామని మీలో ఒక్కరికీ తోచలేదే! నా పేరు రాయడం మాత్రం ఎంత తొందరగా తోచింది! నా గదికొచ్చి ఒక్కరే అడిగుంటే చెప్పేదాన్ని. ఒక్కరే ఉన్నప్పుడు మీరు నన్ను అమ్మా అంటారు. నలుగురు చేరేసరికి ఏమే అంటారు. మనిషి మారలేదు, అదే మనిషి. మేడమ్, పురుగుల్లో దీన్ని ఏమంటారన్నారు?"

మేడమ్ దగ్గు వచ్చినట్టు అటు తిరిగింది. గుమాస్తా కలం కింద పడేసుకుని, దాన్ని వెతకడానికి బల్ల కింద అవసరానికి మించి ఉండిపోయాడు.

కమిటీ ఏమీ తేల్చకుండానే లేచింది. కమిటీలు అంతే.

మర్నాటికల్లా ఆరు కుర్చీల గొట్టాలూ మారిపోయాయి, చప్పుడు లేకుండా. మధ్యాహ్నం పెద్ద డాక్టరు ఒక్కడే పాచక్క గదికి వచ్చాడు. చేతిలో టీ గ్లాసు.

"ఏమ్మా, మోకాలు ఎట్లా ఉంది?"

"ఉంది సారూ."

"ఆ కాగితం సంగతి మర్చిపో అమ్మా. నేనేం పట్టించుకోను. చించెయ్యి."

పాచక్క తాడుకేసి చూపించింది. బ్రష్షుల మధ్య, వాటి ఎత్తుకు తగ్గచోట, ఆ కాగితం క్లిప్పుతో వేలాడుతోంది. చుక్కల గీత ఖాళీగా ఉంది. పొద్దుట్నుంచీ విద్యార్థులు వచ్చి చదివిపోతున్నారు.

"అది నలుగురు కూర్చుని రాసింది సారూ. మీరొక్కరే వచ్చి చించమంటే ఎట్లా? అన్నచోటే, అన్నవాళ్ళ ముందే వెనక్కి తీసుకోండి."

"ఇప్పుడంతా సర్దుకుంది కదమ్మా..."

"మీకు సర్దుకుంది. ఆ గ్లాసు ఇటివ్వండి, తోమి ఇస్తా."

ఆయన గ్లాసు ఇచ్చి, చేతులు ఏం చేసుకోవాలో తెలియక కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. సోమవారం రాలేదు. మంగళవారం రాలేదు. కాగితం తాడు మీదే ఉంది, ఆవిరికి అంచులు ముడుచుకుంటూ. బుధవారం పదిగంటలకు వచ్చాడు. వెనక పెద్ద నర్సు, ఆమె వెనక గుమాస్తా.

పాచక్క లెక్కపెట్టింది. "ఒకరు తక్కువయ్యారు సారూ."

గుమాస్తా పరుగున వెళ్ళి స్టోరు అధికారిని తీసుకొచ్చాడు. నలుగురూ తడి నేల మీద, తొట్ల పక్కన ఇరుగ్గా నిలబడ్డారు. మేడమ్ మేడమెట్ల మీద నిలబడి చూస్తోంది. పెద్ద డాక్టరు గొంతు సవరించుకుని ఒక్క గుక్కలో అన్నాడు: "తప్పు గొట్టాలది, అంటే మాది, మీది కాదు, అట్లా రాసినందుకు మేం విచారిస్తున్నాం."

మీది! పాచక్క చెవులారా విన్నది. అయినా వదల్లేదు. "కాస్త మెల్లిగా చెప్పండి సారూ. ఆయన రాసుకోవాలి."

రెండోసారి చెప్పడం ఆయనకు ఇంకా కష్టమైంది. గుమాస్తా రాసుకున్నాడు. రాస్తూ రాస్తూ తలెత్తి, "గొట్టంలో దొరికినదాన్ని ఏమని రాయమంటారు?" అన్నాడు. పెద్ద డాక్టరు మేడమ్ వంక చూశాడు. మేడమ్ పాచక్క వంక చూసింది.

"పాచి అని రాయి" అంది పాచక్క. ఇరవై రెండేళ్ళలో ఆ మాటను తనంత తానుగా, మంట లేకుండా పలకడం అదే మొదలు.

పెద్ద డాక్టరు తాడు మీంచి కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. అందరూ కదలబోతుంటే పాచక్క రోజువారీ పుస్తకం తెచ్చి గుమాస్తా చేతిలో పెట్టింది. "ఎట్లాగూ కలం తెరిచే ఉంది కదా. ఈ గడి పేరు కొట్టెయ్."

గుమాస్తా పెద్దాయన మొహం చూశాడు. ఆయన తలూపాడు. "కడిగినది" పోయి, పైన ఇరుకు అక్షరాలతో "తోమినది" వచ్చింది.

పాచక్క చేతులు తుడుచుకుని, శుక్రవారం నుంచి వదిలేసిన గడులన్నిట్లో వరుసగా సంతకాలు పెట్టింది.